పథ్యం పెట్టమన్నదెవరు?

"ఏడు దినాలు దాటితేగానీ మెతుకు ముట్టకూడదని ఈ ఊరికంతా చెప్పింది ఎవురు సార్? నేనా, మీరా?"

కాంపౌండరు మునిరామయ్య వంటింటి గడపకు అడ్డంగా నిలబడి అడిగిన మాట ఇది. పద్దెనిమిదేళ్ళుగా డాక్టరు గంగాధరం దగ్గర పని చేస్తున్న మనిషి. ఆయన మాటకు ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి.

గంగాధరం మంచం మీద నుంచి లేవబోయాడు. మోచేతులు నిలవలేదు. మళ్ళీ దిండు మీదికే ఒరిగాడు.

"జ్వరం దిగి నాలుగు దినాలైంది. నాలుగు చాలు. నా ఒళ్ళు నాకు తెలీదా?"

"ఇదే మాట చెప్పిన రోగులను మీరేం చేసినారో నేను చూసినాను సార్. కసిరి పంపించినారు."

తిరుపతిలో గంగాధరానికి రెండు పేర్లు. ఎదుట డాక్టరుగారు, వెనక కసురు డాక్టరు. మందు మంచిది, హస్తవాసి మంచిది, నోరే మంచిది కాదు అని జనం చెప్పుకునేవారు. చెప్పుకుంటూనే మళ్ళీ ఆయన వాకిట్లోనే వచ్చి కూర్చునేవారు. ఎందుకు, ఏమిటి అని అడిగితే ఆయనకు గిట్టదు. "నేను చెప్పినట్టు చెయ్, పో" అనేది ఆయన వైద్యంలో సగం.

అటువంటి మనిషి టైఫాయిడ్ తెచ్చుకుని ఇరవై నాలుగు రోజులు మంచాన పడ్డాడు. బార్లీ నీళ్ళు, గ్లూకోజు నీళ్ళు, మజ్జిగ తేట. మధ్యలో ఒకరోజు మరీ ప్రమాదంగా ఉందని చిత్తూరు నుంచి పెద్ద డాక్టరును పిలిపించారు. ఆ పెద్దమనిషి నాలుక చూశాడు, కడుపు నొక్కాడు, "రోగికి నిద్ర పడుతోందా?" అని మునిరామయ్యను అడిగాడు. రోగి జవాబు చెప్పబోయేలోగా రోగి నోట్లో థర్మామీటరు పెట్టాడు. గంగాధరానికి ఒళ్ళు మండిపోయింది. తాను ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నదీ అదేనని మాత్రం ఆ పూట తోచలేదు.

ఇక ఆకలి సంగతి చెప్పకపోవడమే మేలు. వేలమందికి "ఓర్చుకో" అని చెప్పిన మనిషి, పక్కింటి తాలింపు వాసనకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మొన్న ఇంట్లో అలికిడి లేని వేళ చూసి, గోడ పట్టుకుని వంటింటి దాకా నడిచి, ఊరగాయ జాడీ మూత తీసి వాసన చూస్తూ భార్యకు దొరికిపోయాడు. ఆమె జాడీ తీసుకుపోయి అటక మీద పెట్టింది.

అది చూసిన దగ్గర్నుంచీ తల్లి దేవకమ్మకు మనసు నిలవలేదు. బియ్యానికి రేషను కార్డు పట్టుకుని నిలబడే రోజుల్లో కూడా ఆవిడ శేరు పాతబియ్యం దాచి ఉంచింది. తెల్లవారి లేచి ఆ బియ్యం మెత్తగా వండింది. బీరకాయ ఉడకేసింది. మిరియాల చారు కాచింది. రేపు అమావాస్య, ఎల్లుండి శుక్రవారం, పథ్యానికి, అంటే జ్వరం దిగాక పెట్టే తొలి అన్నానికి, ఈరోజే మంచిదని తానే పంచాంగం చూసి తేల్చింది.

"ఏమప్పా మునిరామయ్యా, బిడ్డ కడుపు మాడిపోతాంటే నీకు పంతమేంది?" అన్నది దేవకమ్మ, అన్నం గిన్నె చేత్తో పట్టుకునే.

"పంతం కాదు పెద్దమ్మా."

"మరేంది? కన్నతల్లిని, నేను పెడతా ఉండాను. నువ్వు అడ్డం లెయ్యి."

మునిరామయ్య కదలలేదు.

"ఆడా కన్నతల్లే పెట్టింది పెద్దమ్మా" అన్నాడు. "తిరుచానూరు సుబ్బులమ్మ ఇంట్లో."

ఆ పేరు వినగానే కిటికీ దగ్గర బట్టలు మడత పెడుతున్న చంద్రకాంతమ్మ తలెత్తి చూసింది. డాక్టరు భార్య ఆమె. అత్తకూ మగనికీ మధ్య జరిగే మాటల్లో తలదూర్చని మనిషి.

సుబ్బులమ్మ తిరుచానూరు గుడివీధిలో పూలు కట్టి అమ్ముకుంటుంది. ఆమె కొడుకు చిన్నబ్బ ఇరవై ఏళ్ళవాడు, అలిపిరి మెట్ల మీదుగా కొండకు పూలబుట్టలు మోసేవాడు. రెండేళ్ళ కిందట ఇదే జ్వరంతో పడ్డాడు. జ్వరం దిగింది. తల్లి అన్నం పెట్టింది. ఆ రాత్రే కడుపు ఉబ్బి పోయాడు. తల్లి తొందరపడి కొడుకును చంపుకుందని ఊరంతా చెప్పుకున్నారు. ఊరికి ఆ మాట చెప్పినవాడు గంగాధరం.

"ఆ యమ్మ సంగతి ఇప్పుడెందుకు?" అని విసుక్కున్నాడు గంగాధరం. "వద్దంటే వినకుండా పెట్టింది, పోగొట్టుకుంది. ఇక్కడ వైద్యం తెలిసినవాణ్ణి నేనే ఉండాను."

"మీరు వద్దనలేదు సార్."

"ఏమన్నావు?"

"వద్దని మీరు చెప్పలేదు. పెట్టమన్నారు."

వీధిలో జట్కా పోతున్న చప్పుడు వినిపించి, దూరమైంది.

"నీకు మతి పోయిందా మునిరామయ్యా" అన్నాడు గంగాధరం. కసురుదామనే అనుకున్నాడు, గొంతులో బలం లేక మామూలు మాటలాగే వచ్చింది.

"పోలేదు సార్. నేను మీ పక్కనే ఉండాను. బ్యాగు నా చేతిలో ఉండాది. ఆ పొద్దు చిత్తూరు కోర్టులో మీకు సాక్ష్యం. రైలుకు టయిమయిపోతా ఉండాదని మీరు తొందరపడతా ఉండారు. చిన్నబ్బ చెయ్యి పట్టి చూసినారు. బయటికొచ్చి జట్కా ఎక్కతా, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి, 'జ్వరం దిగింది గదా, ఈ పొద్దే పథ్యం పెట్టెయ్' అన్నారు. దిగి అప్పటికి ఒక్క దినమే."

"నేనా?"

"మీరే."

"నేనట్ల అనను. ఒక్క దినానికి ఎవరికీ చెప్పను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు."

"ఆ ఒక్కతూరే సార్. నేనూ ఆశ్చర్యపడినాను. అడుగుదామనుకున్నాను. అడిగితే కసురుతారని ఊరకుండినాను."

గంగాధరం కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు గుర్తు చేసుకోవాలని చూశాడు. చిత్తూరు కోర్టు గుర్తుంది. ప్లీడరు అడ్డదిడ్డంగా వేసిన ప్రశ్నలు గుర్తున్నాయి. రైల్లో గొడుగు మరిచిపోయిన సంగతి కూడా గుర్తుంది. సుబ్బులమ్మ వాకిలి మాత్రం గుర్తు రాలేదు. అయినా మునిరామయ్య అబద్ధం చెప్పడం లేదని ఆయనకు తెలిసిపోయింది. "దిగింది గదా, పెట్టెయ్" అన్న మాట ఈ పొద్దున్నే తాను తల్లితో అన్నదే.

"మర్నాడు సాయంత్రం మీరు తిరిగొచ్చినారు" అని మునిరామయ్యే మళ్ళీ అందుకున్నాడు. ఇన్నాళ్ళు దాచినది ఒకసారి మొదలయ్యాక ఆపుకోలేకపోయాడు. "పోయేసరికి శవం వాకిట్లో ఉండాది. అన్నం పెట్టిందంట అని ఎవురో అన్నారు. మీరు ఆయమ్మను పట్టుకుని, 'ఎవరు పెట్టమన్నారే నీకు? నీ చేత్తో నువ్వే చంపుకున్నావు గదా' అని పదిమందిలో అరిచినారు. ఆయమ్మ మీకేసి చూడలేదు సార్. నాకేసి చూసింది. నేను తల దించుకున్నాను."

అతను అక్కడే గడప మీద కూర్చుండిపోయి, పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు.

దేవకమ్మ గిన్నె తీసుకుపోయి పొయ్యి పక్కన పెట్టి, దాని మీద మూత వేసింది. తర్వాత వెనక్కి తిరిగి అంది.

"అయిందేదో అయింది. పోయినోడు తిరిగొస్తాడా? ఈ మాట ఈ గడప దాటకూడదు. వింటా ఉండావా మునిరామయ్యా? మావాడి హస్తవాసి చూసి గదా జనం వచ్చేది. ఇది బయటపడితే రేపు వాకిట్లోకి ఎవురొస్తారు?"

"అత్తా" అంది చంద్రకాంతమ్మ.

ఆ ఒక్క పిలుపుకే దేవకమ్మ ఆగింది. కోడలు అలా మధ్యలో మాట్లాడటం ఆవిడకు కొత్త.

"ఆ తర్వాత ఒక శుక్రవారం సుబ్బులమ్మ ఎప్పటిలాగే మనింటికి పూలు తెచ్చింది. కొడుకు పోయి పదైదు దినాలు కూడా కాలేదు. బిడ్డను చంపుకున్న చెయ్యి కట్టిన పూలు నేను తల్లో పెట్టుకునేదెట్ల అని, వద్దని చెప్పి తిప్పి పంపించినాను. వీధిలో అందరూ అట్లనే చేసినారు. డాక్టరింట్లోనే తీసుకోలేదంటే ఇంకెవురు తీసుకుంటారు? ఇప్పుడు గుడి ముందర ఊరుగాని ఊరోళ్ళకు, తెలియనోళ్ళకు అమ్ముకుంటా ఉండాది."

ఆమె గొంతు పెంచలేదు. మడత పెట్టిన చీరను మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"నేను కొంటాను అమ్మా" అన్నాడు మునిరామయ్య మెల్లగా. "ప్రతి శుక్రవారం రెండు మూరలు. బేరం చెయ్యను. అంతకంటే నాకేం చేతనవుతుంది?"

"చెప్పడం చేతనవుతుంది గదప్పా" అన్నది చంద్రకాంతమ్మ.



గంగాధరం కప్పు వాసాలకేసి చూస్తూ పడుకున్నాడు. ఈ ఇరవై ఎనిమిది రోజుల్లో ఎన్నిసార్లు లెక్కపెట్టాడో ఆ వాసాలను. తనకు సిగ్గు వేస్తోందని తెలుస్తూనే ఉంది. దానికంటే ఎక్కువగా, గదిలో ముగ్గురు ఉన్నా ఎవరూ తన ముఖం చూడకపోవడం బాధ పెడుతోంది. ఆకలి ఎప్పుడు పోయిందో తెలియలేదు.

"ఇప్పుడెట్ల ఉండాది ఆయమ్మ?" అని అడిగాడు చివరికి.

మునిరామయ్య చెప్పడానికి తటపటాయించాడు.

"చెప్పప్పా."

"కూతురు ఒకతి ఉండాది గదా సార్, తిరుమలమ్మ. పద్నాలుగేండ్లు. మీకంటే ముందే దానికీ వచ్చింది ఇదే జ్వరం. మీరు మంచాన పడినారు గనక నేనే పోయి చూస్తా వచ్చినాను. జ్వరం దిగి పదారు దినాలైంది. ఏడు దాటినాక అన్నం పెట్టమని చెప్పినాను. ఇంతదాకా పెట్టలేదు. జావనీళ్ళ మీదనే ఉండాది. నిన్న చూస్తే పాదాలు నీరెక్కినాయి. మూడుతూర్లు చెప్పినాను సార్. ఆయమ్మ వింటుంది, తలూపుతుంది. బువ్వ మటుకు పెట్టదు."

"పదహారు దినాలు!" గంగాధరం ఈసారి మోచేతుల మీద లేవగలిగాడు. "ఇంకో నాలుగు దినాలు పోతే అది లేవదు మునిరామయ్యా. జ్వరంతో కాదు, ఆకలితో పోతుంది."

"నాకు తెలుసు సార్."

"జట్కా పిలువు."

ఇంట్లో గొడవ అప్పుడు నిజంగా మొదలైంది. దేవకమ్మ వాకిలికి అడ్డం పోయి నిలబడింది. లేచి నిలబడలేనివాడు తిరుచానూరు పోతాడా అన్నది. దారిలో ఏమన్నా అయితే తన గతి ఏమిటన్నది. పోయి ఏం చెప్తావు, నేనే చంపినానని చెప్తావా అన్నది. ఆ మాట అన్నాక తానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నువ్వైనా మా అమ్మకు చెప్పకూడదా?" అని గంగాధరం భార్యకేసి చూశాడు. ఆమె అడ్డుపడుతుందనే అనుకున్నాడు. లోపల ఎక్కడో, అడ్డుపడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఈ సంగతి ఆయన ఎవరికీ ఒప్పుకోడు.

చంద్రకాంతమ్మ లేచింది. పెట్టెలోంచి ఉన్ని శాలువ తీసింది. జట్కాలో పరవడానికి బొంత చుట్టింది. మగని చెయ్యి తన భుజం మీద వేసుకుని లేవదీసింది.

"నాలుగడుగులకు ఒకతూరి నిలబడండి" అంది. "నేనూ వస్తాను."

జట్కా బండి అంత మెల్లగా పోవడం ఆ గుర్రానికే కొత్త. గంగాధరం బొంత మీద పడుకుని, ప్రతి కుదుపుకూ కడుపు పట్టుకుంటూ వచ్చాడు. మధ్యలో రెండుసార్లు ఆపించి నీళ్ళు తాగాడు. మునిరామయ్య ముందు కూర్చున్నాడు.

సుబ్బులమ్మ ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని కనకాంబరాలు కడుతూ ఉంది. జట్కాలోంచి ఇద్దరు పట్టుకుని దించిన మనిషి ఎవరో ఆమె వెంటనే గుర్తుపట్టలేదు. చెంపలు లోపలికి పోయి, గడ్డం పెరిగి, పంచె నిలవక చేత్తో పట్టుకుని ఉన్నాడు. గుర్తుపట్టాక పూలబుట్ట పక్కకు జరిపి లేచింది.

"ఏంది సామీ ఇది? మీరే పడిలేస్తిరి. ఇట్ల బండెక్కి రావచ్చునా?"

చాప తెచ్చి పరిచింది. చంద్రకాంతమ్మను చూసి, ఆమె కూర్చోవడానికి పీట తెచ్చింది. పీట చేతికి ఇవ్వలేదు, కొంచెం దూరంలో నేల మీద పెట్టింది. రెండేళ్ళలో అలవాటైపోయిన పద్ధతి అది. చంద్రకాంతమ్మ తల వంచుకుని ఆ పీట మీద కూర్చుంది.

జట్కా చూసి ఇరుగుపొరుగు నలుగురూ వచ్చి వాకిట్లో నిలబడ్డారు. డాక్టరు బతికి లేచాడని చూడటానికి కొందరు, ఎందుకు వచ్చాడో తెలుసుకోవడానికి కొందరు.

తిరుమలమ్మ నడవలో చాప మీద పడుకుని ఉంది. గంగాధరం ఆమె పక్కనే కూలబడ్డాడు. నాలుక చూశాడు, శుభ్రంగా ఉంది. కడుపు మెత్తగా ఉంది. పాదం మీద వేలు నొక్కితే గుంట పడి, చాలాసేపు నిండలేదు. పిల్ల కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి.

"ఆకలేస్తుందా పాపా?"

ఆ ప్రశ్న ఆయన ఒక రోగిని అడగడం మునిరామయ్య ఎన్నడూ వినలేదు.

"మొదట్లో ఏసింది" అంది తిరుమలమ్మ. "ఇప్పుడు లేదు."

గంగాధరం సుబ్బులమ్మ వైపు తిరిగాడు. "పదహారు దినాలు దాటింది సుబ్బులమ్మా. ఈరోజే పెట్టాల. మెత్తగా వండి, నాలుగు ముద్దలు. భయం లేదు. నువ్వు భయపడి పెట్టకుండా ఉంటే..."

"నేను పెట్టకుండా ఉండానా సామీ?"

ఆమె మెల్లగానే అంది. వెనక్కి తిరిగి పొయ్యి దగ్గర మూత పెట్టి ఉన్న దాకను చూపించింది.

"మునిరామయ్యన్న చెప్పినప్పట్నుంచీ రోజూ వండతానే ఉండా. పొద్దన్నే వండేది, సాయంత్రం దాకా చూసేది, పక్కింటి బిడ్డలకు పెడదామంటే నా చేతిది వాళ్ళు తిననియ్యరు, ఆవుకు పెట్టేసేది. జావనీళ్ళయితే తాగుతుంది గానీ, బువ్వకు ఇది నోరు తెరవదు సామీ. నా చేతి బువ్వ వద్దంటుంది."

మునిరామయ్య నివ్వెరపోయి చూశాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఏమని చెప్పేదన్నా? కన్నబిడ్డ నన్ను చూసి బయపడతా ఉండాదని చెప్పుకునేదా?"



గంగాధరం పిల్ల దగ్గరికి వంగాడు. "ఎందుకు తల్లీ, అమ్మ పెడితే ఎందుకు తినవు?"

తిరుమలమ్మ ఆయన ముఖం చూసింది. ఆమెకు కోపం లేదు. తెలిసిన సంగతినే పెద్దవాళ్ళు మళ్ళీ అడుగుతున్నారే అన్నట్టు చెప్పింది.

"అమ్మ పెట్టింది తిని గదా అన్న సచ్చిపోయింది. మీరే గదా చెప్పినారు."

ఇంటి నుంచి ఇక్కడిదాకా ఆయన మనసులో పేర్చుకున్న మాటలన్నీ సుబ్బులమ్మకు చెప్పవలసినవి. ఏ మాట ముందు, ఏ మాట వెనక అని బొంత మీద పడుకుని దారి పొడుగునా సర్దుకున్నాడు. ఈ పిల్లకు చెప్పడానికి వాటిలో ఒక్కటీ పనికిరాలేదు.

"అమ్మ నీకు ఏమీ చెప్పలేదా?"

"చెప్పింది. డాక్టరే పెట్టమన్నాడని చెప్పింది. మీరు అట్ల చెప్పలేదని అందరూ అన్నారు. డాక్టరు అబద్ధం చెప్తాడా?"

ఆయన భార్య వైపు చూశాడు. చంద్రకాంతమ్మ పీట మీద నుంచి లేచి వచ్చి ఆయన వెనక కూర్చుని, పడిపోకుండా వీపుకు తన చెయ్యి ఆనించింది.

"చెప్పినాడు పాపా" అన్నాడు గంగాధరం. "అబద్ధమే చెప్పినాడు. చెప్పేటప్పుడు అది అబద్ధమని కూడా నాకు తెలీదు. అంత పొగరు. పథ్యం పెట్టమన్నది నేనే. రైలుకు తొందరపడి, దినాలు లెక్కపెట్టకుండా చెప్పినాను. మీ అమ్మ నేను చెప్పినట్టు చేసింది."

వాకిట్లో ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. ఆయన అటు తిరగలేదు.

"ఈ జ్వరంలో పేగుల్లో పుండ్లు పడతాయి. జ్వరం దిగినా పుండు వెంటనే మానదు. మానకముందే మెతుకు పడితే పేగు తూటు పడుతుంది. అందుకే ఏడు దినాలు ఆగాల. మీ అన్నకు ఒక్క దినమే అయింది. అన్నం తినకపోయినా ఏమయ్యేదో నేను చెప్పలేను. పెట్టమన్నది మాత్రం నేను. నీకు పదహారు దినాలైంది, నీ పుండ్లు మానినాయి. నువ్వు తినొచ్చు."

ఇంత వివరంగా ఆయన ఏ రోగికీ చెప్పి ఉండడు. చెప్పేసరికి ఆయాసం వచ్చింది. నుదుటి మీద చెమట పట్టింది.

సుబ్బులమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడుస్తుందేమోనని మునిరామయ్య అనుకున్నాడు. ఆమె ఏడవలేదు.

"నీకు గుర్తుందా సుబ్బులమ్మా?" అని అడిగాడు గంగాధరం.

"మర్సిపోయే మాటా సామీ అది?"

"మరి ఆ పొద్దు ఎందుకు అనలేదు? నేను అంత అరుస్తా ఉంటే, నువ్వే గదా చెప్పినావు అని ఎందుకు నిలదీయలేదు?"

"నిలదీసి?" సుబ్బులమ్మ కూతురి వైపు చూసింది. "ఇంకో బిడ్డ ఉండాది గదా సామీ నాకు. రేపు దీనికేమన్నా అయితే మళ్ళీ మీ వాకిట్లోకే గదా రావాల. మీతో పోట్లాడి నేను యాడికి పోయేది?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందువల్లే గంగాధరం తట్టుకోలేకపోయాడు. పంచె చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, వాకిట్లో అంతమంది చూస్తూ ఉండగా వెక్కివెక్కి ఏడ్చాడు. కసురు డాక్టరు ఏడవడం ఆ వీధివాళ్ళు చూస్తారని ఎవరూ అనుకోలేదు. ఒకరిద్దరు చూడలేక ముఖం తిప్పుకున్నారు.

చంద్రకాంతమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. దాక మూత తీసి చూసింది. అన్నం మెత్తగా, ఇంకా గోరువెచ్చగా ఉంది. పళ్ళెంలో కొంచెం పెట్టి, పక్కనే ఉన్న చారు పోసి తెచ్చి భర్త ముందు పెట్టింది. డాక్టరు చేత్తో పెడితే పిల్ల తింటుందని ఆమె అనుకుంది. మునిరామయ్య కూడా అలాగే అనుకుని, పిల్లను లేవదీసి కూర్చోబెట్టాడు.

గంగాధరం కళ్ళు తుడుచుకుని, చెయ్యి కడుక్కుని, ముద్ద కలిపాడు.

"తిను తల్లీ."

తిరుమలమ్మ ఆ చేతికేసి చూసింది. ఆయన ముఖంలోకి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"మీరు చెప్తే ఇంక నేను తినను" అంది.

"పాపా, అట్ల అనకూడదు" అంటూ మునిరామయ్య ముందుకు వంగాడు.

"అన్నకూ ఈయనే గదా చెప్పింది" అంది తిరుమలమ్మ అతనితో, మెల్లగా, తప్పేమిటో అర్థం కానట్టు. తర్వాత గోడ దగ్గరున్న తల్లి వైపు తిరిగింది. "నువ్వు ఉన్నమాటే చెప్తా వచ్చినావు గదమ్మా. నేనే నమ్మలేదు. ఇప్పుడు నువ్వు చెప్పు. నువ్వు తినమంటే తింటా."

సుబ్బులమ్మ కదలలేదు.

గంగాధరం పళ్ళెం నెమ్మదిగా ఆమె వైపు జరిపాడు. చెప్పవలసింది చెప్పేశాడు. ఇక గట్టిగా ఒక మాట అనడానికి కూడా తనకు అర్హత లేదని ఆయనకు తెలుసు. చంద్రకాంతమ్మ సుబ్బులమ్మ చెయ్యి పట్టుకుని పిల్ల ఎదుట కూర్చోబెట్టింది. ఆ చెయ్యి పట్టుకున్నది రెండేళ్ళలో ఆమె ఒక్కతే. సుబ్బులమ్మ అది గమనించలేదు.

"చెప్పమ్మా" అంది తిరుమలమ్మ. "తినేదా?"

సుబ్బులమ్మ పళ్ళెంకేసి చూసింది. డాక్టరుకేసి చూసింది.

"ఒకరు చెప్తే పెట్టినాను సామీ ఆ పొద్దు" అంది ఆమె. "ఒకరు చెప్తేనే అంత అయింది. ఇప్పుడు పెట్టేదీ నేనే, చెప్పేదీ నేనేనా?"

తిరుమలమ్మ తల్లి ముఖంలోకే చూస్తూ కూర్చుంది.